నొప్పి తెలిసే పాదాలు

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: లూకా సువార్త 17:11-19

 

జనవరి నెలలోని చివరి ఆదివారమును ప్రపంచమంతటా కుష్ఠువ్యాధి దినముగా పాటిస్తారు. ఫ్రాన్సు దేశస్థుడైన రావుల్ ఫోల్లెరో 1954లో దీనిని ఆరంభించాడు. మన దేశములో గాంధీగారి వర్ధంతి అయిన జనవరి 30ని ఇందుకు కేటాయించుకున్నాము. ఆ దినములలో మా సంఘ యౌవనస్థులు ఒక ఆలోచనతో నా దగ్గరకు వచ్చారు. "అయ్యగారూ, తిరుపతి నుండి చిత్తూరు దాకా నడుద్దాం. దారిలో ప్రతి ఊరిలో ఆగి ఈ వ్యాధి గురించి నాలుగు మాటలు చెబుదాం" అన్నారు. అటూ ఇటూగా 70 కిలోమీటర్లు. నాకు నలభై దాటాయి. బండి ఎక్కడం తప్ప నడక అలవాటు లేదు. అయినా వద్దనలేకపోయాను. ఎందుకు వద్దనలేకపోయానో మీకు చెప్పాలి. అది నా తప్పు గురించిన సంగతి.

2007లో నేను వేదాంత కళాశాల నుండి వచ్చిన కొత్తలో, చిత్తూరు దగ్గర ఒక పల్లె సంఘములో సేవ చేస్తున్నాను. ఒక ఆదివారము ఆరాధన అయిపోయిన తరువాత ఒక సహోదరి చేయి చాపి, మోచేతి దగ్గర ఉన్న మచ్చ చూపించింది. చర్మము రంగు కంటే కొంచెము పాలిపోయి ఉంది. "దురద లేదు, నొప్పి లేదు అయ్యగారూ, ఊరికే ఉండాది. ప్రార్థన చేయండి" అని అడిగింది. నేను నూనె రాసి ప్రార్థన చేశాను. విశ్వాసముంచమ్మా, తగ్గిపోతుంది అని చెప్పాను. ఆ మచ్చను సరిగా చూడనైనా లేదు. డాక్టరుకు చూపించమని ఒక్క మాట అనలేదు.

కొన్ని నెలలు గడిచాయి. చెనక్కాయల కోతల కాలములో ఆమె చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగిపోయాయి. ఒక రోజు సంగటి కుండ దించుతుంటే వేళ్లు కాలాయి. కాలినట్టు ఆమెకు తెలియలేదు. కమిలిన వాసన వచ్చి చూసుకుంది. బొబ్బలు చూసిన ఆరోగ్య కార్యకర్త ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లింది. అప్పుడు తెలిసింది, అది కుష్ఠువ్యాధి అని.

ప్రియులారా, నేను ప్రార్థన చేసినందుకు సిగ్గుపడడము లేదు. ప్రార్థన చేసి ఊరకున్నందుకు సిగ్గుపడుతున్నాను. లేవీయకాండము 13వ అధ్యాయము చదివి చూడండి. చర్మముపై మచ్చ ఉన్నవానిని యాజకుని యొద్దకు తీసుకొని రావాలి. యాజకుడు దానిని పరీక్షగా చూడాలి. తేలకపోతే ఏడు దినములు ఆగి మళ్లీ చూడాలి. అవసరమైతే మరి ఏడు దినములు ఆగి ఇంకొకసారి చూడాలి. మూడు వేల యేండ్లకు పైగా క్రిందట అరణ్యములోని యాజకుడు చేసిన పాటి పని కూడా నేను చేయలేదు. నేను ఒక్కసారి కూడా సరిగా చూడలేదు.

ఇంకొక తప్పు కూడా ఉంది. ఆమె వ్యాధి సంగతి ఊరిలో తెలిసిన తరువాత సంఘములో కొందరు పెద్దలు, ప్రభువు బల్ల దగ్గర ఆమెను అందరికంటే చివర రమ్మనండి అయ్యగారూ అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. ఆమె చాలా నెలలు చివరనే వచ్చింది. వంగిన వేళ్లతో గిన్నె జారిపోకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకొని పుచ్చుకునేది. ఆమె ఎన్నడూ నన్ను ఏమీ అనలేదు.

2005 డిసెంబరులో మన దేశము కుష్ఠువ్యాధిని ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు ప్రకటించింది. ప్రతి పదివేల మందిలో ఒక్కరికంటే తక్కువ మందికి ఉన్నదని ఆ మాటకు అర్థము. వ్యాధి పూర్తిగా పోయిందని కాదు. కాని నాలాంటివారు చాలామంది పోయిందనే అనుకున్నాము. నేటికీ మన దేశములో యేటా లక్షకు పైగా కొత్త రోగులు బయటపడుతున్నారు. ప్రపంచములో కొత్తగా బయటపడేవారిలో సగానికి పైగా మన దేశస్థులే. లేదనుకొన్న వ్యాధిని ఎవరు వెదకుతారు? వెదకనిది ఎలా దొరుకుతుంది?

కాబట్టి వాక్యములోనికి వెళ్లకముందు ఈ వ్యాధి గురించి దారి పొడుగునా మా పిల్లలు చెప్పిన మాటలు మీకు కూడా చెబుతాను. దయచేసి జాగ్రత్తగా వినండి.

ఇది శాపము కాదు. తల్లిదండ్రుల పాపము కాదు. వంశపారంపర్యముగా వచ్చేది కాదు. ఒక సూక్ష్మక్రిమి వలన వస్తుంది. నార్వే దేశపు వైద్యుడు హాన్సెన్ 1873లో దానిని కనుగొన్నాడు. మందు వేసుకోని రోగితో చాలాకాలము దగ్గరగా మెలిగినవారికి, ఆ రోగి తుమ్ము దగ్గు తుంపరల ద్వారా సోకుతుంది. చేయి కలిపినందువలన, పక్కన కూర్చున్నందువలన, కలిసి భోజనము చేసినందువలన అంటుకోదు. చాలామంది శరీరములు దీనిని సహజముగానే ఎదిరిస్తాయి. క్రిమి లోపలికి వెళ్లిన తరువాత మచ్చ కనబడడానికి సగటున అయిదేండ్లు పడుతుంది, కొందరిలో ఇరవై యేండ్లు కూడా పట్టవచ్చును.

గుర్తు ఏమిటి? పాలిపోయిన మచ్చ, లేదా రాగి రంగు మచ్చ. ఆ మచ్చ మీద దూదితో తాకినా తెలియదు. దురద పెట్టదు, నొప్పి పుట్టదు. అందుకే జనము పట్టించుకోరు. మరి పాలవలె తెల్లగా వచ్చే బొల్లి మచ్చ వేరు. బొల్లిలో స్పర్శ ఉంటుంది, అది అంటువ్యాధి కాదు, కుష్ఠు అసలే కాదు. బొల్లి ఉన్న ఆడపిల్లలకు పెళ్లి సంబంధాలు తప్పిపోవడము మన జిల్లాలలో నేను చూశాను. అదే లేవీయకాండము 13వ అధ్యాయము 38, 39 వచనములు చూడండి. చర్మముపై వాడిన తెల్ల మచ్చలున్నవారిని గూర్చి యాజకుడు వీరు పవిత్రులని చెప్పాలని అక్కడ వ్రాయబడి ఉంది. ధర్మశాస్త్రము పవిత్రులన్నవారిని మనము వెలివేయడమేమిటి?

బైబిలులో కుష్ఠు అని మనము చదివే మాటకు హెబ్రీ భాషలో త్సారాత్ అని ఉంది. ఆ మాట బట్టలకు పట్టిన మరకకు, ఇంటి గోడకు పట్టిన చారకు కూడా వాడబడింది. అనేక చర్మవ్యాధులకు అది ఉమ్మడి పేరు. నేటి డాక్టరు చెప్పే కుష్ఠువ్యాధి, ఆ మాట సరిగ్గా ఒకటి కావు. కనుక ఎవరినైనా చూచి బైబిలులో వెలివేయమని ఉంది గదా అనే అధికారము మనకు లేదు.

ఇక మన వాక్యభాగములోనికి వెళ్దాము. యేసుప్రభువు యెరూషలేముకు వెళ్తూ సమరయ, గలిలయల నడుమ ఒక గ్రామము దగ్గరకు వచ్చారు. పదిమంది కుష్ఠరోగులు దూరముగా నిలిచి, తమను కరుణించమని కేకలు వేశారు. మీరు వెళ్లి యాజకులకు కనబరచుకోండి అని ప్రభువు చెప్పారు. వారు వెళ్తూ ఉండగా శుద్ధులైనారు. ఒకడు మాత్రమే తిరిగి వచ్చి ఆయన పాదములయొద్ద సాగిలపడ్డాడు. అతడు సమరయుడు. దీనిలో నుండి మూడు సంగతులు ధ్యానించుకుందాము.

మొదటి సంగతి: వారు మచ్చలతోనే నడక మొదలుపెట్టారు.

గమనించండి, ప్రభువు పంపినప్పుడు వారి చర్మము ఇంకా అలాగే ఉంది. అద్దములో చూసుకుంటే ఏ మార్పూ లేదు. అయినా వారు కదిలారు. స్వస్థత దారిలో దొరికింది. విశ్వాసమంటే ఇంటిలో కూర్చుని మచ్చ మాయమయ్యే దాకా కనిపెట్టుకొని ఉండడము కాదు, ప్రభువు చూపిన దారిన అడుగు వేయడము. మరి ప్రభువు వారిని ఎక్కడికి పంపారు? పరీక్ష చేసేవాని యొద్దకే పంపారు! ఆయన ప్రార్థనకు, పరీక్షకు పోటీ పెట్టలేదు. నేను పెట్టాను. నా తప్పు అక్కడే ఉంది.

ఈ రోజులలో ఆ పరీక్ష మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనే జరుగుతుంది. మందులు ఉచితము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స అది. మచ్చలు తక్కువ ఉంటే ఆరు నెలలు, ఎక్కువ ఉంటే పన్నెండు నెలలు. నెలకొక మందుల అట్ట ఇస్తారు. మొదటి మోతాదు ఆరోగ్య కార్యకర్త ఎదుట వేసుకోవాలి, మిగిలినవి రోజూ ఇంటిలో. మందు మొదలుపెట్టిన కొద్ది దినములకే ఆ మనిషి నుండి ఇతరులకు సోకడము ఆగిపోతుంది.

పన్నెండు నెలలు అనడము తేలిక. ఆ మందులతో మూత్రము ఎర్రగా వస్తుంది. కొందరి చర్మము నల్లబడుతుంది, మందు మానిన తరువాత అది మెల్లగా పోతుంది. అది తెలియనివారు భయపడి మధ్యలో ఆపేస్తారు. మా సహోదరి ముఖము నల్లబడినప్పుడు ఇరుగుపొరుగువారు చూసి ఏవేవో మాటలన్నారు. ఆమె ఒక్క రోజు కూడా మానలేదు. మా పిల్లలు మూడు రోజులు నడిచి అలసిపోయామని చెప్పుకున్నారు, పేపరువారు కూడా వచ్చి ఫోటో తీసుకున్నారు. ఆమె మూడు వందల అరవై అయిదు రోజులు నడిచింది. ఆ నడకను ఎవ్వరూ చూడలేదు. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో ఓపికతో పరుగెత్తవలసిన పందెమును గురించి చదివినప్పుడెల్లా నాకు గోడకు తగిలించిన ఆ ఖాళీ మందుల అట్టలు కళ్ల ముందుకు వస్తాయి.

రెండవ సంగతి: వారు దూరముగా నిలిచారు.

దూరముగా నిలవడము వారి ఇష్టము కాదు, అది లోకము పెట్టిన నియమము. మన దేశములో కూడా 1898 నాటి ఒక చట్టము ఈ వ్యాధి సోకినవారిని వేరుచేసి ఉంచడానికి వీలిచ్చింది. అది 2016లో గాని రద్దు కాలేదు. ఈ వ్యాధిని కారణముగా చూపి విడాకులు కోరే వీలును 2019లో చట్టము తీసివేసింది. చట్టములు మారాయి. మన మనసులు మారినవా?

మార్కు సువార్త 1వ అధ్యాయములో మరియొక కుష్ఠరోగి ఉన్నాడు. యేసుప్రభువు చేయి చాపి అతనిని ముట్టుకున్నారు. క్రమము చూడండి. బాగుచేసి ముట్టలేదు, ముట్టుకొని బాగుచేశారు. ఆ తరువాత ఏమైంది? అతడు ఆ సంగతి అంతటా చాటడము వలన యేసు బహిరంగముగా పట్టణములోనికి వెళ్లలేక, వెలుపల అరణ్య ప్రదేశములలో ఉండవలసి వచ్చింది. వెలుపల ఉండినవాడు లోపలికి వెళ్లాడు, లోపల ఉండవలసినవాడు వెలుపలికి వచ్చారు. ప్రియులారా, సువార్త అంతా ఇదే కదా! ఆయన మన స్థానము తీసుకొని గవిని వెలుపల శ్రమపడ్డారు.

స్పర్శ గురించి మన పొరుగున జరిగిన ఒక సంగతి చెబుతాను. చిత్తూరు, వేలూరు 1911 దాకా ఉత్తర ఆర్కాటు అనే ఒకే జిల్లాలో ఉండేవి. నేటికీ చిత్తూరు నుండి నరహరిపేట దాటితే వేలూరు ఎంతో దూరము లేదు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో పాల్ బ్రాండ్ అనే డాక్టరు వచ్చారు. ఈయన మిషనరీల కుమారుడు, కొల్లిమలై కొండలలో పుట్టినవాడు. ఆ కాలములో కుష్ఠురోగుల వేళ్లు వాటంతట అవే కుళ్లి రాలిపోతాయని అందరూ అనుకునేవారు. ఒకనాడు తుప్పు పట్టిన తాళము తెరవలేక డాక్టరుగారు ఆగిపోతే, కుష్ఠువ్యాధి ఉన్న ఒక బాలుడు వచ్చి చటుక్కున తాళపు చెవి తిప్పేశాడు. కింద రక్తపు బొట్టు పడింది. చూస్తే వాని వేలు ఎముక దాకా తెగింది. వానికి నొప్పే తెలియలేదు!

ఆయన ఆ దారిలో పరిశోధించి ఒక సత్యము నిరూపించారు. ఈ వ్యాధి వేళ్లను తినివేయదు. నరములను దెబ్బతీసి నొప్పిని తీసివేస్తుంది, అంతే. నొప్పి తెలియని చేయి నిప్పును పట్టుకుంటుంది. నొప్పి తెలియని కాలు ముల్లు మీదనే నడుస్తుంది. రాత్రివేళ నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా తెలియక పోగొట్టుకున్నవారు ఉన్నారు. అందుకని ఇండ్లకు వెళ్లే రోగులకు పిల్లులను ఇచ్చి పంపేవారట. వంగిన వేళ్లను నరపు తాళ్లు మార్చి కట్టి సరిచేసే శస్త్రచికిత్సను ఆయన అక్కడ అభివృద్ధి చేశారు. 1955 నుండి కరిగిరిలో ఈ వ్యాధికి ప్రత్యేకముగా పరిశోధన, చికిత్స జరుగుతూ వచ్చాయి.

ఆయన జీవితములోనే మరొక సంఘటన. ఒకసారి చాలా దూరము ప్రయాణము చేసి లండనులో రాత్రి బస చేసినప్పుడు, మేజోళ్లు విప్పుతుండగా మడమలో స్పర్శ లేదనిపించింది. సూదితో గుచ్చుకున్నారు, తెలియలేదు. నాకు కూడా వ్యాధి సోకిందనుకొని ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారి మళ్లీ సూది గుచ్చుకుంటే బాధతో కేక వేశారు. ప్రయాణములో కదలక కూర్చున్నందున కాలు మొద్దుబారింది, అంతే. ఆ నొప్పి కొరకు దేవునికి స్తోత్రము చెల్లించారు.

1 కొరింథీయులకు 12వ అధ్యాయము జ్ఞాపకము చేసుకోండి. సంఘము క్రీస్తు శరీరము. ఒక అవయవము బాధపడితే మిగిలిన అవయవములన్నీ బాధపడాలి. మరి ఆ సహోదరిని చివర రమ్మన్నప్పుడు మా సంఘములో ఎవ్వరికీ నొప్పి పుట్టలేదు. నాకూ పుట్టలేదు. అంటే స్పర్శ పోయిన మచ్చ ఎవరిమీద ఉన్నట్టు? ఆమె మోచేతి మీద ఒకటి ఉంది, దానికి మందు ఉంది. మా సంఘము మీద, నా మనసు మీద కూడా ఒకటి ఉంది. మేము దానిని చూసుకోలేదు.

మూడవ సంగతి: ఒకడు తిరిగి వచ్చాడు.

పదిమంది ముందుకు వెళ్తుంటే ఒకడు వెనుకకు తిరిగాడు. మా నడకలో ఇది నాకు బాగా అర్థమైంది. మీకు తెలుసు, మన ప్రాంతములో రోడ్డు మీద గుంపుగా నడిచేవారంటే కొండకు వెళ్లే యాత్రికులే. చంద్రగిరి దాటిన తరువాత వారందరూ మాకు ఎదురు వస్తున్నారు. మజ్జిగ అమ్ముకొనే ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఏం నాయనా, అందరూ కొండకు పోతా ఉంటే మీరు ఎనక్కి పోతా ఉండారే, మొక్కు తీరిపోయిందా?" అని అడిగింది. మేము సంగతి చెప్పాము. ఆమె అంతా విని తలా ఒక గ్లాసు మజ్జిగ పోసింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "మా యన్నకు ఆ జబ్బే వచ్చింది నాయనా. ఇంట్లో ఉండనీకుండా తరిమేసినారు. మళ్లీ కనపళ్లేదు" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. మా పిల్లలు కాగితాలు పంచడము ఆపి నిలబడిపోయారు. ఆమె మన మతస్థురాలు కాదు. కాని ఆమెకు నొప్పి తెలుసు.

తిరిగి రావడము ఎంత కష్టమో చెప్పడానికి బాబా ఆమ్టేగారి మాట ఒకటి చెబుతాను. ఆయన మహారాష్ట్రలో వరోరా అనే ఊరిలో వకీలు. ఒక వర్షపు రాత్రి దారి పక్కన కుష్ఠువ్యాధి ముదిరి చావుబతుకులలో ఉన్న ఒక మనిషిని చూసి భయపడి పారిపోయాడు. ఇంటికి వెళ్లిన తరువాత తన భయమును చూసి తానే సిగ్గుపడ్డాడు. తిరిగి వచ్చి, ఆ మనిషికి వెదురు తడికలతో నీడ కట్టి, చనిపోయే వరకు తన చేతులతో సేవ చేశాడు. తరువాత 1949లో మహారోగి సేవా సమితిని స్థాపించి, ఆనందవన్‌లో ఈ వ్యాధిగ్రస్తులతో కలిసి జీవించాడు. 1985 డిసెంబరులో, డెబ్బై దాటిన వయసులో, వెన్నెముక జబ్బుతో కూర్చోలేని స్థితిలో వాహనములో పడుకొని, వంద మందికి పైగా యువతీ యువకుల సైకిలు యాత్రను కన్యాకుమారి నుండి కాశ్మీరము వైపు నడిపించాడు. దాదాపు అయిదు వేల కిలోమీటర్లు. ఆ యాత్ర దేశ ఐక్యత కోసము చేసినది. లోకము ఆ అయిదు వేల కిలోమీటర్లను గొప్పగా చెప్పుకుంటుంది. కాని నన్నడిగితే, వర్షములో పారిపోయిన ఆ కొద్ది అడుగులను తిరిగి వేయడమే ఆయన చేసిన కష్టమైన ప్రయాణము.

ఆలాగే నేను కూడా ఒకచోటికి తిరిగి రావలసి ఉంది. మొదటి రోజు రాత్రి దారిలోని ఒక చిన్న మందిరములో బస చేశాము. ఆ సహోదరి బస్సులో అక్కడికి వచ్చింది. ఆమె చేతికి చాలా యేండ్ల క్రిందట శస్త్రచికిత్స జరిగింది, ఇప్పుడు గిన్నె ఒక చేత్తో పట్టుకోగలదు. పాదాలలో మాత్రము స్పర్శ తిరిగి రాలేదు. అందుకని ఆమె మాతో నడవలేదు. ఈ వ్యాధి వలన పాదాల స్పర్శ పోయినవారు రోజూ రాత్రి రెండు పాదాలూ తిప్పి చూసుకోవాలి, నీళ్లలో నానబెట్టాలి, నూనె రాయాలి, మెత్తని రబ్బరు చెప్పులు లేకుండా అడుగు పెట్టరాదు. ఆమె ఇన్నేండ్లుగా ఒక్క రాత్రి తప్పకుండా చేస్తున్న పని అది. వచ్చీ రాగానే రెండు బేసిన్లలో నీళ్లు పోసి, "అందరూ కాళ్లు చూపించండి" అంది.

పిల్లలందరి తరువాత నా వంతు వచ్చింది. ఆ రాత్రి నేను కావాలనే చివర కూర్చున్నాను. ఎడమ మడమ మీద పెద్ద బొబ్బ. ఆమె చూసి నీళ్లు తగిలించగానే నేను అబ్బా అన్నాను. ఆమె నవ్వి, "నొప్పి తెలస్తా ఉండాదా అయ్యగారూ? తెలస్తే మంచిదే. దేవునికి స్తోత్రం చెప్పుకోండి" అంది.

నేను అప్పుడు నోరు తెరిచాను. పద్దెనిమిదేండ్ల కిందటి ఆ ఆదివారము, ఆ మచ్చ, ప్రభువు బల్ల దగ్గర ఆమెను చివర నిలబెట్టిన సంగతి, అన్నీ పిల్లల ఎదుట చెప్పాను. క్షమించమ్మా అని అడిగాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఇలా అంది: "మీరు ప్రార్థన చేసింది తప్పు గాదయ్యగారూ. నేను రెండోసారి వచ్చి చూపిస్తే చూస్తారేమోనని శానా దినాలు అనుకున్న్యా. సిగ్గయి రాలేదు. ఇంగ వచ్చేవోళ్లనన్నా చూడండి." అని నా పాదము తుడిచి కింద పెట్టింది.

ప్రియులారా, ఆ మాట ఇంకా నా చెవులలో ఉంది. ఆమె రెండోసారి వద్దామనుకుంది. నేను ఆమె ఇంటికి వెళ్లి ఉంటే సరిపోయేది. ఏడు దినములు ఆగి మళ్లీ చూడమని వాక్యము చెప్పలేదా? నరము దెబ్బతిన్న మొదటి నెలలలోనే చికిత్స దొరికితే చాలామందికి వేళ్లలో బలము తిరిగి వస్తుంది. ఆ నెలలు నా చేతిలో ఉండినవి. నేను వాటిని పోగొట్టాను. దేవుడు నన్ను క్షమించారని నమ్ముతున్నాను, ఆమె కూడా క్షమించింది. కాని ఆమె పాదాలకు స్పర్శ రాలేదు. క్షమాపణ దొరికినంత మాత్రాన జరిగిన నష్టము లేకుండా పోదు, అది తెలిసే ఆమె క్షమించింది.

మూడవ రోజు సాయంకాలము పూతలపట్టు మీదుగా చిత్తూరు చేరాము. ఊరేగింపులు, దండలు ఏమీ లేవు. దారిలో మా మాటలు విని ఇద్దరు మనుషులు తమ మచ్చలు చూపించారు. వారిని మా పిల్లలు దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లారు. ఒకరిది మామూలు తామర. రెండవ ఆయనకు ఆ వారమే మందు మొదలుపెట్టారు. ఆ ఒక్కరి కోసము 70 కిలోమీటర్లు నడవడము దండగ కాదు. పదిమందిలో తిరిగి వచ్చిన ఒక్కనిని ప్రభువు ఎంత విలువగా చూశారో మీకు తెలుసు.

ముగించకముందు మీరు చేయవలసిన పనులు నాలుగు చెబుతాను.

ఒకటి, ఈ రాత్రి మీ ఒంటిని, మీ పిల్లల ఒంటిని వెలుగులో చూడండి. వీపు మీద ఉన్నది మనకు కనబడదు, ఒకరిది ఒకరు చూడండి. స్పర్శ లేని మచ్చ ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పండి, లేదా ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. ఆలస్యము చేయవద్దు.

రెండు, కాపరులారా, మీ యొద్దకు ప్రార్థన కొరకు వచ్చినవారి కొరకు తప్పక ప్రార్థించండి. ప్రార్థించి, మీరే వెంట పోయి డాక్టరుకు చూపించండి. వారము తరువాత వారి ఇంటికి వెళ్లి మళ్లీ అడగండి.

మూడు, మందు వేసుకొనేవారు ఎవరైనా ఉంటే, మానకుండా వేసుకొనేలా తోడుగా ఉండండి. వారి పక్కన కూర్చోండి. వారి ఇంటిలో కాఫీ ఇస్తే తాగండి. అది వారికి వంద ప్రసంగాలకంటే ఎక్కువ.

నాలుగు, కుష్ఠరోగి అనే మాటను తిట్టుగా వాడకండి, మీ పిల్లలను వాడనీయకండి. ఆ మనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉంది. దేవుడు పేరు పెట్టి పిలిచేవానిని మనము వ్యాధి పెట్టి పిలవకూడదు.

ఇది వింటున్నవారిలో ఎవరికైనా ఈ వ్యాధి ఉండవచ్చును. దాచుకొని ఒంటరిగా బాధపడుతూ ఉండవచ్చును. నా సహోదరీ, నా సహోదరుడా, దూరముగా నిలిచిన పదిమంది కేకను ప్రభువు విన్నారు. మీ కేక కూడా వింటారు. భయపడవద్దు. ఈ వ్యాధి పూర్తిగా నయమవుతుంది. రేపు ఉదయము లేచి నడక మొదలుపెట్టండి. మచ్చతోనే మొదలుపెట్టండి. దారిలో ఆయన మీతో ఉంటారు.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకమందున్న మా తండ్రీ, ముట్టకూడదని లోకము చెప్పినవారిని ముట్టుకొన్న నీ కుమారుని కొరకు నీకు స్తోత్రము. మా మొద్దుబారిన మనస్సులకు మళ్లీ నొప్పి తెలియజేయుము. మేము చూడక వదిలివేసినవారిని మాకు చూపించుము. పారిపోయిన చోటికి తిరిగి వెళ్లే ధైర్యము మాకు దయచేయుము. వ్యాధితో ఉన్నవారిని బాగుచేయుము, మందు వేసుకొనేవారికి ఓపిక ఇమ్ము, వారికి సేవ చేసే డాక్టర్లను, నర్సులను, ఆశా కార్యకర్తలను ఆశీర్వదించుము. ఎవ్వరూ చివర నిలబడనక్కరలేని నీ బల్ల దగ్గరకు మమ్మల్నందరినీ చేర్చుము. యేసుక్రీస్తు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.